ఎండెక్కాక చూడండి మా దుప్పట్ల బండిని

వాహన తనిఖీ అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: చలి పొద్దున స్టార్టు కాలేదన్న కారణముచే మా పాత డీజిల్ వ్యానును తుక్కుకు పంపమని ఇచ్చిన ఉత్తర్వును రద్దు చేసి, ఎండెక్కాక మళ్ళీ తనిఖీ చేయించుట గురించి.

దిగువ సంతకం చేసిన నేను వ్రాసుకొను విన్నపము ఏమనగా, నేను ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇచ్చే లాండ్రీలో వ్యాను నడుపుతాను. లాండ్రీ మా ఆవిడది, ఆమె తమ్ముడిది. వ్యాను నాది. నాకు నోట మాట తక్కువ. తనిఖీ రోజున నేను చెప్పవలసినదంతా మా ఆవిడే చెప్పింది. అందులో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. మిగిలినది వ్రాస్తున్నాను.

1. పాత డీజిల్ బండ్లు రోడ్డెక్కాలంటే బయోడీజిలే పోయించాలని, మామూలు డీజిల్ చుక్క కలిపినా అద్దం మీది ఆకుపచ్చ అనుమతి బిళ్ళ పీకేస్తామని తమ కార్యాలయం వారు పోయిన ఎండాకాలంలో ఉత్తర్వు ఇచ్చి ఉన్నారు. శిరసావహించాను. మా బంకులో దొరికే బయోడీజిల్ వేపుళ్ళు చేయగా మిగిలిన నూనెతో తయారైనది. పాత ఇంజను కదా, పెట్టింది తింటుంది, పేచీ పెట్టదు. ఎండాకాలమంతా హాయిగా నడిచింది. పొగ కూడా తగ్గింది. వెనక వచ్చే వాళ్ళకు వాసన తగిలి ఆకలేస్తోందని అన్నారు గానీ, అంతకు మించి ఫిర్యాదు లేదు.

2. తరువాత చలి వచ్చింది. అయ్యా, చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసా బోర్లిస్తే ఏమవుతుందో తమకు తెలియనిది కాదు. ఏమీ అవదు. మా ట్యాంకులోనూ అదే జరుగుచున్నది. నూనె పేరుకుని ఫిల్టరు దగ్గర ఆగిపోతుంది. ఇంజను గిరగిరా తిరుగుతుంది, నూనె రాదు. అంతే తప్ప బండికి జబ్బేమీ లేదు. కాస్త వెచ్చబడితే తనంతట తనే బయల్దేరుతుంది. నా మోకాళ్ళదీ ఇదే పద్ధతి. ఈ ఆఖరి మాట అర్జీకి సంబంధించినది కాదు, కొట్టివేయగలరు.

3. ఇందుకు మేము చేయుచున్న ఏర్పాటు: ఆరబెట్టే మిషనులోంచి తీసిన వేడి దుప్పట్లను ఫిల్టరు చుట్టూ, ట్యాంకు చుట్టూ చంటిబిడ్డకు చుట్టినట్టు చుడతాము. కాసేపటికి నూనె కరుగుతుంది, బండి లేస్తుంది. చిరిగిన దుప్పట్లే వాడతాము. ఒక్కసారి మాత్రం మా బావమరిది పరాకున ఆసుపత్రి దుప్పటి చుట్టాడు. దాన్ని మళ్ళీ ఉతికాము, వాసన వదల్లేదు. అది ఎలాగో మూటలో కలిసి ఆసుపత్రికి వెళ్ళిపోయింది. పెద్ద నర్సమ్మ ఫోను చేసింది.

"ఏం తాతా, దుప్పట్లు ఉతుకుతున్నారా, వేయిస్తున్నారా?"

ఫోను మా ఆవిడ లాక్కుంది. "తప్పయిపోయిందమ్మా, వెనక్కి తెప్పించేస్తాం" అంది.

"వద్దు వద్దు. అన్నం ముట్టనని అలిగి కూర్చున్న పేషెంటు అది కప్పుకుని, ఇవాళ వంటేంటని అడిగాడు. అలాంటిది ఇంకోటుంటే పంపండి."

ఇది గొప్ప కోసం వ్రాయుట లేదు. మా వలన ప్రజలకు హాని లేదని మనవి చేయుటకు మాత్రమే.

4. ఇక తనిఖీ విషయం. తెల్లవారగానే రమ్మన్నారు. బండిని వెచ్చగానే తెచ్చాను. ఇంజను ఆపి వరుసలో నిలబెట్టమన్నారు. ఆపాను. పైన కప్పు లేదు, చుట్టూ మంచు. నా వంతు వచ్చేసరికి నూనె పేరుకుపోయింది.

"స్టార్ట్ చెయ్యండి తాతా" అన్నాడు ఇన్‌స్పెక్టరు బాబు.

చేశాను. కాలేదు.

"ఏమైంది?"

పక్క సీట్లోంచి మా ఆవిడ అందుకుంది. "దానికి చలేస్తోంది బాబూ."

"బండికి చలేంటమ్మా?"

"మరి నువ్వెందుకు స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కున్నావు? మీరు పొయ్యమన్న నూనేగా పోశాం! నీ తలకి రాసుకునే నూనె గడ్డకట్టదా?"

ఆ బాబుకు తలమీద వెంట్రుకలు లేవు. ఆమె గమనించలేదు. నేను పైన వెనక్కి తీసుకుంటున్నానన్న మాట ఇదే. చుట్టూ ఉన్న డ్రైవర్లు నవ్వారు. ఆ బాబు మాత్రం నవ్వకుండా కాగితం మీద ఇలా వ్రాశాడు: "వయసు మీరినది. చలికి కదలదు. నెలాఖరులోగా తుక్కుకు పంపవలెను."

ఇంటికొచ్చాక మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం పైకి చదివింది. "ఏమండీ, ఇది బండి గురించేనా?" అని అడిగింది. తరువాత మాత్రం మూల కూర్చుని ముక్కు చీదింది. నేను చూడలేదనుకుంది.

5. బండి పోతే ఆసుపత్రి వారు దుప్పట్లు వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. లాండ్రీ మూతపడుతుంది. కొత్త బండి కొనే స్తోమత మాకు లేదు. ఉన్నా నాకు ఇష్టం లేదు. కొత్త బండ్లకు చప్పుడు ఉండదట. అయ్యా, పెళ్ళైన కొత్తలో మా ఆవిడ ఈ బండి ముందు సీట్లో కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంకా పూర్తి కాలేదు. ఈ డగడగలో నేను "ఊఁ" అంటే సరిపోతుంది, ఆమె మిగతాది తనే వేసుకుంటుంది. చప్పుడు లేని బండిలో ఆమెకు నేను జవాబు చెప్పవలసి వస్తుంది. ఈ వయసులో నా వల్ల కాదు.

కావున తమరు దయతలచి మా బండిని ఎండెక్కాక మరొక్కసారి చూడవలెను. ఈ చలి నెలల వరకు బయోడీజిల్‌లో కాస్త మామూలు డీజిల్ కలుపుకొననిస్తే దుప్పట్ల అవసరం కూడా తగ్గుతుందని మా బావమరిది చెప్పుచున్నాడు. అదీ ఆలోచించగలరు. కాగితంలో "వయసు మీరినది" అన్న మాట తీసి "చలి ఓర్వలేనిది" అని వ్రాయించినచో మా ఇంట్లో శాంతి కలుగును.

నెలాఖరులోగా చిత్తగించవలెనని కోరుచు,

తమ విధేయుడు,
లాండ్రీ వ్యాను డ్రైవరు
(ఆసుపత్రిలో దుప్పట్ల తాత అంటే ఎవరైనా చెబుతారు)

తా.క.: ఈ అర్జీ నేనే తెచ్చాను. అయ్యగారు పనిలో ఉన్నారు, మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోమని గుమాస్తా గారు అన్నారు. కూర్చునే వీలు లేక ఈ నాలుగు ముక్కలు ఇక్కడే నిలబడి వ్రాస్తున్నాను. బండి పొద్దున మా వాకిట్లో, ఇంత మంచులో, తాళం తిప్పగానే స్టార్టయింది. చూడటానికి తమవాళ్ళెవరూ లేరు. అందుకని ఆపకుండా ఇక్కడికి తోలుకొచ్చాను. దుప్పట్లు ఇంకా విప్పలేదు. ఇప్పుడది తమ గేటుకు అడ్డంగా ఉన్నది. గేటు దగ్గరి మనిషి ఇంజను ఆపమంటున్నాడు. "మీ అయ్యగారు కళ్ళారా చూస్తేగానీ ఆపనివ్వను" అని మా ఆవిడ స్టీరింగు పట్టుకు కూర్చుంది. ఆమెకు నడపటం రాదు.

అయ్యా, తమరు మెట్లు దిగనక్కర్లేదు. కిటికీ దాకా వస్తే తనిఖీ అయిపోతుంది. తమకు వినబడుతున్న డగడగ మా బండిది. దాని మీదుగా వినబడుతున్నది మా ఆవిడ. తమరు వచ్చేదాకా రెండూ ఆగవు.