ఐదు ఫోల్డర్లు, ఒక ఆవులింత

సోమవారం, ఉదయం 9:10
శపథం! పూలకొట్టు యాప్‌లో ఇకనుంచి ప్రతి బొమ్మా ఐదు సైజుల్లో, ఐదు ఫోల్డర్లలో. పేరు మాత్రం అన్నిట్లో ఒకటే. ఏ ఫోన్ తెరకు ఏది సరిపోతుందో ఆ ఫోనే తీసుకుంటుంది. "ఫైనల్", "అసలు ఫైనల్" లాంటి పేర్లు బంద్! శుక్రవారం కొట్టు ఓనరమ్మకు డెమో. బాగా జరిగితే నా ఉద్యోగం పర్మనెంట్.

11:40
గులాబీ, ఐదు సైజులూ పూర్తి! నా అంత పద్ధతైన మనిషి ఈ ఆఫీసులో లేదు.

మంగళవారం
అయినవి: లిల్లీ, చామంతి. మిగిలినవి: నలభై ఒకటి. ఒక్కోటి ఐదుసార్లు. లెక్క వేయకుండా ఉండాల్సింది.
మా టీమ్ లీడ్‌ని అందరం పిక్సెల్ మాస్టారంటాం. వెనక నిలబడి, "ఏమ్మా, పూలు పూస్తున్నాయా?" అన్నాడు.
"మొగ్గలేశాయి సార్."

బుధవారం, 3:00
టీ.

3:40
ఇంకో టీ. నా ఫోన్‌లో బాగానే కనిపిస్తున్నాయి కదా, మిగతా ఫోన్లకేం రోగం?
పూలగుత్తి మధ్య సైజు బొమ్మ డిజైనరు ఇంకా పంపలేదు. ఖాళీగా వదిలేస్తే నా శపథానికే అవమానం. తాత్కాలికంగా, అదే పేరుతో, అన్నయ్య ఆవులిస్తున్న ఫొటో పెట్టేశాను. తలమీద తువ్వాలుతో సహా. రేపు తీసేస్తా.

గురువారం
ఏదో మర్చిపోయాను. గుర్తొస్తే రాస్తా.

శుక్రవారం, 12:15
డెమో. నా ఫోన్‌లో పూలగుత్తి అద్భుతం. మాస్టారి ఫోన్‌లోనూ అద్భుతం. అప్పుడు ఓనరమ్మ సంచిలోంచి తన పాత ఫోన్ తీసింది.
మధ్య సైజు తెర!
గుర్తొచ్చింది.
ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "ఈ పువ్వు ఏ కాలంలో పూస్తుందమ్మా?" అంది.
మాస్టారు వంగి చూశాడు. "ఎవరీయన?"
"మా అన్నయ్యండి."
"నిద్ర సరిపోయినట్టు లేదు పాపం," అంది ఓనరమ్మ.
నా పర్మనెంట్ సంగతి ఇంకో నెల తర్వాత చూద్దామన్నారు.

సాయంత్రం 6:30
అన్నయ్యకు చెప్పక తప్పలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత మొహం మాడ్చుకుని, "పెట్టేముందు అడగొచ్చు కదే! మంచి ఫొటో పంపేవాణ్ణి," అన్నాడు. పంపాడు కూడా. ఇస్త్రీ చొక్కా, పాపిడి, చిరునవ్వు.

సోమవారం, ఉదయం 9:05
కొత్త శపథం! ప్రతి బొమ్మా ఐదు సైజులు, ఐదు ఫోల్డర్లు. నెలంతా ఉంది, ఈసారి ఖాయం. ఆవులింత తీసేశాను.
మధ్య సైజు పూలగుత్తి ఇంకా రాలేదు. ప్రస్తుతానికి ఇస్త్రీ చొక్కా పెట్టాను. రేపటిదాకానే.