రేకుల గొడవకి సాక్షి దొరికింది

డెస్మండ్,

ఓవెన్లో గొర్రెమాంసం, బంగాళాదుంపలు ఉన్నాయి, వేడి చేసుకుని తిను. వేడి గోడలోంచి బయటికి పోకుండా, పడగ్గదిని వెచ్చబెట్టే గ్యాసు రేడియేటర్ వెనక ఆ మెరిసే రేకులు నిన్ననే అంటించేశాను. "ఆ డబ్బు గోడకి కొట్టిన సున్నమే" అన్నావుగా, ఇప్పుడు విను. పక్కింటి పిల్లి చలికాలమంతా పెరట్లో మన పడగ్గది గోడకే ఆనుకుని పడుకునేది కదా. అంటే ఇన్నాళ్లూ అది మన గ్యాసుతో చలి కాచుకుందన్నమాట. ఇవాళ వచ్చి, చల్లబడిపోయిన గోడని వాసన చూసి, నన్ను తిట్టినట్టే అరిచి, తలుపు తీయగానే లోపలికి దూరింది. ఇప్పుడు మంచం మీద నీ వైపు నిద్రపోతోంది. లేపావో ఊరుకోను, అది నా సాక్షి. బస్సుకి టైమైంది.

హిల్డా

మరిచాను. రాత్రిళ్లు మంచుగడ్డల్లాంటి నీ పాదాలు తగిలితే నా గుండె ఆగినంత పనయ్యేది. అందుకే ఆ రేకులు కొన్నాను. ఇవాళ ధైర్యంగా తగలనివ్వు.