లైన్ క్లియర్‌లో ఒక్క పేరే

ఏప్రిల్ 28, సోమవారం

కరెంటు సెక్షన్ ఆఫీసులో ఎండ జాగ్రత్తల క్లాసు. పన్నెండు నుంచి నాలుగు దాకా ఎవరూ స్తంభం ఎక్కకూడదు. తలకు తడిగుడ్డ, గంటకోసారి నీళ్లు, ఓఆర్‌ఎస్. మా ఇంజనీరు ఏఈ గారు ఫ్యాన్ కింద నిలబడి చెప్పారు, మేం ఫ్యాన్ లేని వైపు కూర్చుని విన్నాం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అట్టపెట్టెలో వచ్చాయి. నా సొరుగులో పెట్టాను.

కోటయ్య చొక్కా జేబులోంచి ఉల్లిపాయ తీసి చూపించాడు. "నా మందు ఇదేనన్నా. మా అమ్మ చెప్పింది." అందరూ నవ్వారు. వాడు కాంట్రాక్టు పనిలో చేరి పదకొండేళ్లయింది. స్తంభం ఎక్కడంలో మా సెక్షన్‌లో వాడికి సాటి లేరు. పేరుకి లైన్‌మన్‌ని నేను. యాభై రెండేళ్లకే మోకాళ్లు చేతులెత్తేశాయి.

మే 2, శుక్రవారం

రాజుపాలెం అవతల రెండు చోట్ల వైరు ఊడింది. ఎప్పటిలాగే సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకున్నాను — అంటే కరెంటు ఆపించి, ఎవరు పని చేస్తున్నారో రిజిస్టర్‌లో రాయించడం. కాంట్రాక్టు వాళ్ల పేరున ఇవ్వరు. అందుకని పేరు నాది, ఎక్కేది కోటయ్య. రిజిస్టర్ తిరగేస్తే ఇన్నేళ్లూ స్తంభాలన్నీ నేనే ఎక్కినట్టు ఉంటుంది. వాడు ఒక్కటీ ఎక్కలేదు.

మే 7, బుధవారం

ఎండ. బండి సీటు మీద కూర్చోలేక గోనెపట్టా వేసుకున్నాను. రెంటచింతల వాళ్లకి ఇదొక ఎండా అనిపిస్తుందేమో, నాకైతే చాలు.

మే 9, శుక్రవారం

కోటయ్య పడిపోయాడు. పేట ఆసుపత్రిలో ఉన్నాడు. తెలివి లేదు.

మే 10, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను, ఇక్కడైనా.

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. నేను ఇంట్లో అన్నం తిని కూలర్ ముందు పడుకున్నాను. కోటయ్య ఫోన్. "అన్నా, ఇన్సులేటర్ పగిలింది. ఊరంతా కరెంటు లేదు. పసిపిల్లలున్నోళ్లు ఊరుకోవట్లా." సాయంత్రం చూద్దాంలేరా అన్నాను. "పది నిమిషాల పనన్నా. ఎల్‌సీ తీసుకో చాలు, నువ్వు రామాక." ఇంకోసారి వద్దనలేదు. పడుకునే సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేశాను. నా పేరు చెప్పాను. "సరే, ఎక్కు" అన్నాను.

ఆ మాట నాది.

అరగంటకి ఎవరిదో నంబరు. "మీవోడు స్తంభం మీద యాలాడతన్నాడండీ. పలకట్లా." షాక్ అనుకున్నాను. కాదు. బెల్టు పట్టి ఉంచింది, లేకపోతే కింద పడేవాడు. నిచ్చెన వేసి, తాళ్లు కట్టి దించారట. నేను వెళ్లేసరికి ఆటోలో ఉన్నాడు. ఒళ్లు ముట్టుకుంటే చెయ్యి కాలింది. వడదెబ్బ అన్నాడు డాక్టరు. కిడ్నీల మీద కొట్టిందట.

వాడి బట్టలు కవర్లో పెట్టి నర్సు వాడి భార్య సామ్రాజ్యానికి ఇచ్చింది. జేబులో ఉల్లిపాయ అలాగే ఉంది.

ఓఆర్‌ఎస్ పెట్టె నా సొరుగులో ఉంది. విప్పలేదు.

మే 12, సోమవారం

కళ్లు తెరిచాడు. డయాలసిస్ మొదలుపెట్టారు. ఇక జన్మలో ఎండలో పని చేయకూడదన్నారు. ఆ సంగతి వాడికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

సామ్రాజ్యం అడిగింది, "బీమా ఉందంట గదా అన్నయ్యా?" ఉంది. కాంట్రాక్టు వాళ్లందరికీ ఉంది. కాకపోతే డ్యూటీలో ఉండి, పై వాళ్లు చెప్పిన పని చేస్తుండగా జరగాలి.

ఏఈ గారు రిజిస్టర్ నా ముందు పెట్టారు. "దీని ప్రకారం స్తంభం మీద ఉన్నది మీరు, వెంకట్రావు గారూ. మరి కోటయ్య అక్కడెందుకున్నాడు?" ఆయనకి తెలియక కాదు.

మే 14, బుధవారం

వాడి మంచం పక్కన కూర్చున్నాను. నన్ను చూసి నవ్వాడు, పెదాలు పగిలిపోయి ఉన్నాయి.

"బీమావోళ్లు ఫోన్ చేశారన్నా. నన్నెవురూ ఎక్కమన్లా, ఊళ్లోవోళ్లు అడిగితే నా అంతట నేనే ఎక్కా అని చెప్పా. నీ పేరెత్తలా."

"ఎవడు చెప్పమన్నాడురా నిన్ను?"

"నీది పర్మినెంటు ఉజ్జోగం. పోతే మళ్లా వస్తదా? నాదేవుంది, లేచి మళ్లా ఎక్కుతా."

తిట్టాను. బయటికి వచ్చేశాను. కానీ ఒకటి రాయాలి. వాడు ఆ మాట అనగానే నాకు ముందు కోపం రాలేదు. ముందు హాయిగా అనిపించింది. ఆ తర్వాతే కోపం వచ్చింది. సిగ్గుగా ఉంది.

మే 15, గురువారం

మా ఆవిడ బెండకాయలు తరుగుతోంది. అంతా చెప్పాను.

"నిజం రాస్తే ఏమైద్ది?"

"సస్పెండ్ చేస్తారు. ఆపైన ఏమో."

"రాయకపోతే?"

ఆమె తరగడం ఆపలేదు.

మే 16, శుక్రవారం

రాశాను. ఒక పేజీ. లైన్ క్లియర్ నేను ఇంటి నుంచి తీసుకున్నానని, ఎక్కమన్నది నేనేనని, ఒంటిగంట దాటాక అని.

ఏఈ గారు రెండుసార్లు చదివి నా చేతికే ఇచ్చేశారు. "చించెయ్యండి. మీరొక్కరే కాదు, నేనూ పోతాను. సోమవారం బీమా ఆయన విచారణకి వస్తున్నాడు. అందాకా ఆలోచించుకోండి." కుర్రవాడు, మంచివాడే. భయపడ్డాడు. నేను మాత్రం పడలేదా?

చించలేదు.

మే 18, ఆదివారం

కోటయ్యకి చెప్పాను, నిజం రాశానని. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నువ్వట్టా చెబితే నేను కాదంటానన్నా."

సామ్రాజ్యం కొంగు దోపి లేచింది. "ఏందయ్యా నీ పెద్దరికం? వారానికి మూడుసార్లు ఆ మిషనుకి కట్టేస్తన్నారు నిన్ను. మళ్లా ఎక్కుతాడంట స్తంభం! డాక్టరేమన్నాడో తెలుసా నీకు?"

చెప్పేసింది. అందరం దాచిన మాట ఆమె ఒక్క ఊపులో చెప్పేసింది.

నేను వచ్చేసేటప్పుడు కూడా వాడు ఇటు తిరగలేదు.

మే 19, సోమవారం

పొద్దున్నే పెదకూరపాడు వైపు ఒక వైరు తెగింది. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తే ఆపరేటరు అలవాటుగా అడిగాడు, "పేరు మీదేగా?" పేరు నాదే, ఎక్కేదీ నేనే అన్నాను. నమ్మినట్టు లేడు.

ఎక్కాను. సగం దూరంలో ఆగి మోకాలు రుద్దుకున్నాను. ఎనిమిదింటికే ఇనుము కాలుతోంది. ఒంటిగంటకి ఎలా ఉండి ఉంటుందో ఇన్నాళ్లకి తెలిసింది.

ఇప్పుడు పది దాటింది. సెక్షన్ ఆఫీసులో కూర్చున్నాను. కాగితం జేబులో ఉంది. బీమా ఆయన ముందు ఆసుపత్రికి వెళ్లి, ఆ తర్వాత ఇక్కడికి వస్తాడు. వాడు ఒకటి, నేను ఒకటి చెబితే ఆయనకి రాసుకోవడం తేలిక — రిజిస్టర్‌లో ఉన్నదే రాసుకుంటాడు, బీమా రాదు.

సామ్రాజ్యం ఫోన్ చేసింది. "వచ్చాడన్నయ్యా. పక్కన కూర్చున్నాడు. ఈయన ఇంకా నోరు తెరవలా."

కట్ చెయ్యొద్దు, ఫోన్ మంచం మీద పెట్టు అన్నాను. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని వింటూ, ఒక చేత్తో రాస్తున్నాను. మిషను చప్పుడు. బీమా ఆయన కాగితాలు తిప్పుతున్నాడు. అడుగుతున్నాడు —

"కోటయ్యా, ఆ రోజు నిన్ను ఎక్కమన్నదెవరు?"