చిన్నదాన్ని పనికి పంపమన్న సంగతి

నాయనా,

నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. నీ పెద్దకూతురు మాత్రం నిన్న కుట్టుమిషను మీదే సొమ్మసిల్లి పడిపోయింది. లేచి వెళ్తే ముక్కలు తగ్గుతాయని, ముక్కలు తగ్గితే కూలి తగ్గుతుందని, పనిలో ఉన్నంతసేపూ నీళ్లు తాగదట. కడుపుతో ఉన్న పిల్ల! ఇప్పుడు కుదుటపడింది. బిడ్డకు భయం లేదని డాక్టరు చెప్పింది.

దాన్ని తీసుకురావడానికి బట్టల ఫ్యాక్టరీకి నేనే వెళ్లాను. "మీ కాలంతో పోలిస్తే జీతాలు ఇరవై రెట్లు పెరిగాయి కదా మామ్మగారూ, ఇంకా ఏం కావాలి?" అన్నాడు మేస్త్రీ.

"మా ఆయన బట్టల మిల్లులోనే పనిచేసి, ఒక్కడి జీతంతో ఆరుగురిని రెండు గదుల్లో పోషించాడు. ఈ మొగుడూపెళ్లాలిద్దరి జీతాలకీ ఒక గది, ఒక మంచం. రాత్రిపని చేసి మొగుడొచ్చేసరికి ఇది లేచి పనికొస్తుంది. అద్దె నలభై రెట్లు పెరిగింది బాబూ, ఆ లెక్క కూడా చెప్పు" అన్నాను.

"మీతో లెక్కల్లో నెగ్గలేనండీ" అని నవ్వుతూనే సగం రోజు కూలి కోసేశాడు.

వంటింటి కప్పు బాగుచేయించావా? కోడలు మోకాలికి మందు వాడుతోందా?

చిన్నదానికి కూడా ఇక్కడే పని చూడమని రాశావు. చూడను. మీ నాన్న పేరున వచ్చే మిల్లు పింఛను మూడు నెలలది దాచి ఉంచాను, ఈ రోజు మనియార్డరు చేశాను. చిన్నదాన్ని కాలేజీలో చేర్పించి రసీదు నాకు పంపు. వచ్చే ఏడాది చూద్దామనకు. నేను పోతే ఆ పింఛనూ ఆగిపోతుంది. అక్క చేస్తున్న, చెల్లిని కూడా పెట్టమంటున్న ఈ పనికి పింఛనన్నదే లేదు.

పిల్లలకు నా ఆశీస్సులు.

అమ్మ