కుప్పమ్మ పీకిన గరిక

1961 నవంబరు 3, శుక్రవారం

క్రిస్మస్‌కు బడి పిల్లలను చర్చి ముందు పచ్చికలో కూర్చోబెడతానని సంఘ పెద్దలతో గొప్పగా చెప్పింది నేనే. ఉత్త ఇసుకలో చెరువు మట్టి పోయించి నాటిన గరిక, మూడు నెలలకు నేలంతా అల్లుకుంది. ఈ ఉదయం అందులో కలుపు తీయమని కూలికి వచ్చిన కుప్పమ్మకు చెప్పి బడికి వెళ్లాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే నేలంతా బోసిగా ఉంది. గోడవార గరిక కుప్ప.

"ఒక్క ఏరు గూడా మిగలకుండా పీకేశాను టీచరమ్మా," అంది కుప్పమ్మ నడుము పట్టుకుని.

చిన్నప్పటి నుంచీ రెడ్డిగారి చేలో గరిక పీకిన మనిషి. కలుపంటే ఏదో చెప్పకపోవడం నా తప్పే. తిట్టబుద్ధి కాలేదు. కుప్ప మీద తడి గోనెలు కప్పించాను. గరిక మొండిది, కణుపు కణుపుకూ వేరు పోస్తుంది. వానలు కూడా పట్టుకున్నాయి. ఏడు వారాలు చాలు. చాలకపోతే... చాలుతాయి.

"రేపు ఇద్దరం కలిసి మళ్లీ నాటుదాం," అన్నాను.

కుప్పమ్మ నడుము మీది చెయ్యి తీసి బుగ్గన పెట్టుకుంది.

"గరిక నాటేదా? నువ్వు చెప్తే నాటతాను గానీ, మా రెడ్డికి మాత్రం చెప్పబాకమ్మా. ఇంక నన్ను చేలోకి రానీడు."