మస్ట్ పాఠం

మొయినాబాద్

పంతులూ,

బతికున్నన్ని రోజులు నిన్ను 'మీరు' అన్న. ఇగ అనను. నువ్వు సచ్చిపోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దున బడిల నీకోసం ప్రార్థన చేసిన్రు. నేను కండ్లు మూసుకోలే.

ఇంగ్లీషుల 'మస్ట్' అంటే చెయ్యక తప్పదని నువ్వే నేర్పినవు. పటేల్ కొడుకు పలక మీద "నేను చదువుకోవాలె" అని రాస్తే శభాష్ అంటివి. మా కూలోళ్ల పిల్లలకు మాత్రం వాక్యం నువ్వే చెప్పేటోనివి: "ఐ మస్ట్ బ్రింగ్ వాటర్, నేను నీళ్లు తేవాలె." రాసినంక మీ ఇంటి గోలెం నిండేదాక బాయి నుంచి నీళ్లు మోపిస్తివి. ఆదివారం చర్చిల మాత్రం దొరలు చేయించే వెట్టి పాపమని ప్రసంగం చేస్తివి.

ఇప్పుడు అదే గదిల నేను పంతులమ్మను. ఇయ్యాల అదే పాఠం. మీకు తోచింది రాయున్రి అన్న. సురంగల్ నుంచి వచ్చే కూలోళ్ల పిల్ల పలక చూపిచ్చింది: "పంతులమ్మ మాకు నీళ్లు తేవాలె." నువ్వైతే బెత్తం తీసేటోనివి. నేను కడవ తీసుకొని బాయికి పోయిన.

నాలుగేండ్లు నీకు నీళ్లు మోసిన గని, ఆ వాక్యం నీ మీద రాసే ధైర్యం నాకు ఒక్కనాడు రాలే. సాయంత్రం పోయి నీ సమాధి మీద సుద్దతోని రాసిన: "పంతులు నీళ్లు తేవాలె."

చేతనైతే లేచి తుడుసుకో.