ఆర్చీ నిద్ర చెడకుండా

డిసెంబరు 3, ఆదివారం

మిస్ కెర్ నిన్న టెనెరిఫే దీవికి వెళ్ళిపోయారు. ఛాతీకి ఎండ మంచిదని డాక్టర్లు అన్నారట, మార్చి దాకా మేనకోడలి దగ్గరే. అందాకా ఈ ఇల్లు నాది. నాది అంటే, నేను కాపలా. గ్లాస్గోలో ఇలాంటి ఇల్లు కొనాలంటే నేను ఏడు జన్మలెత్తాలి. కాపలాకైతే మంచి పేరుంటే చాలు. ఇప్పటిదాకా నా చేతిలో ఒక్క గాజుతొట్టె చేప కూడా చావలేదు. ఆ పేరు మీదే బతుకుతున్నాను.

ఈసారి నా బాధ్యత ఆర్చీ. ఆర్చీ తాబేలు. వంటింటి పక్క సామాన్ల గదిలో చిన్న ఫ్రిజ్ ఉంది. అందులో పాలు లేవు, వెన్న లేదు. ఆర్చీ ఉంది. అట్టపెట్టెలో, కాగితం ముక్కల మధ్య నిద్రపోతోంది. చలికాలమంతా నిద్రే. ఇంట్లో పెడితే వేడికి మెలకువ వస్తుంది. తోటలో పెడితే మంచుకి గడ్డకడుతుంది. అందుకని ఫ్రిజ్. తాబేళ్ళున్న ఇళ్ళలో ఇది మామూలేనట, నాకే కుక్కలూ పిల్లులూ తప్ప తెలియవు.

రోజుకోసారి తలుపు తీసి కాసేపు గాలి ఆడనివ్వాలి. థర్మామీటర్ ఐదు దగ్గర ఉందా చూడాలి. పది దాటితే లేస్తుంది. లేస్తే మళ్ళీ పడుకోదు, తినదు, నీరసించి పోతుంది. సున్నాకి పోతే ముందు కళ్ళు పోతాయట, తర్వాత ప్రాణం.

బయల్దేరే ముందు మిస్ కెర్ నా చెయ్యి పట్టుకుని, తాళం మాత్రం ఎవ్వరికీ ఇవ్వకమ్మాయ్ అన్నారు. కిందటేడు కాపలా ఉన్నవాడు స్నేహితుల్ని పోగేసి, ఆర్చీ పక్కన బీరు సీసాలు పెట్టి, తలుపు సగం తెరిచి వదిలేశాడట. ఇవ్వనని మాటిచ్చాను.

డిసెంబరు 5

తలుపు తీశాను. ఐదు. తలుపు వేశాను. ఇవాల్టి ఉద్యోగం అయిపోయింది.

డిసెంబరు 8, శుక్రవారం

మర్డో ఫోన్ చేశాడు.

మర్డో బస్సు డ్రైవరు. రెండేళ్ళ కిందట నేను ఎవరిదో చిలక పంజరంతో బస్సెక్కితే, చిలక టికెట్టేదీ అన్నాడు. ముసలి చిలక, పెన్షన్ పాస్ ఉంది అన్నాను. అప్పటినుంచీ పరిచయం. పరిచయం అని రాశాను. దానికి ఇంకో మాట ఉంది కానీ యాభై ఆరేళ్ళకి రాయడానికి చెయ్యి రావడం లేదు.

కొత్త సంవత్సరానికి మోరార్ రమ్మంటున్నాడు. సముద్రం ఒడ్డున వాళ్ళ పిన్ని వదిలిపోయిన ఇల్లు ఉంది. రైల్లో పోయి మూడు రోజులుండి వద్దాం, ఇద్దరమే అన్నాడు. కుక్కల్నీ పిల్లుల్నీ వెంటేసుకు రాకు, నువ్వొక్కదానివే రా అన్నాడు. ఎండాకాలం పిలిస్తే కుక్కకి కుట్లు పడ్డాయన్నావు. ఆకులు రాలే రోజుల్లో పిలిస్తే పిల్లి తిండి మానేసిందన్నావు. ఇది మూడోసారి ఊనా, నాలుగోసారి అడగను అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు పోయింది, మాట మిగిలింది.

వస్తానన్నాను. నోరు ముందు అనేసింది. ఆర్చీ తర్వాత గుర్తొచ్చింది.

డిసెంబరు 10, ఆదివారం

టెనెరిఫే నుంచి మిస్ కెర్. వాడు నిద్రపోతున్నాడా? నిద్రపోతున్నాడు. ప్రతి ఆదివారం ఇదే ఫోను, ఇవే రెండు ముక్కలు. మూడు రోజులు ఊరెళ్తానని చెప్పబోయాను. ఆవిడ అప్పటికే అక్కడి ఎండ గురించి మొదలుపెట్టేశారు.

ఆవిడ వాడు అంటే నాకూ వాడే అయ్యాడు.

డిసెంబరు 13

కల. నేను గడ్డిలో ఉన్నాను. పసుప్పచ్చ పూలు నా తల కంటే ఎత్తుగా ఉన్నాయి. వెలుతురు వీపు మీద పడి లోపలికి ఇంకుతోంది. ఎక్కడో ఒక చిన్నపిల్ల పరిగెత్తుతూ పిలుస్తోంది. నా పేరు కాదు. ఆర్చీ, ఆర్చీ అని. నాకు తొందరేమీ లేదు. ఒక పూవు కొరికాను, తియ్యగా ఉంది.

లేచేసరికి పది. మూడున్నరకల్లా మళ్ళీ చీకటి. ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల చిన్న దీపం వెలుగుతుంది, ఈ ఊళ్ళో ఇవాళ నేను చూసిన ఎండ అదే. కాసేపు దాని ముందు నేల మీద కూర్చున్నాను. ఆ కల నాదో వాడిదో తెలియలేదు. వాడు నాకు అప్పిచ్చి ఉంటాడు.

డిసెంబరు 16

పక్కింటి మిసెస్ లెనక్స్‌కి నా బాధ చెప్పాను. తాళం ఇచ్చిపో, మూడు రోజులు తలుపు తీసి వేస్తాను, అదేమన్నా విమానం నడపడమా అంది. కాదు. కానీ మాటిచ్చాను. అప్పుడైతే సుఖంగా ఇంట్లోనే పడి ఉండు, ఇద్దరూ ఫ్రిజ్‌లో కూర్చోండి అంది. నాకు తిక్క పుట్టింది, ఎందుకంటే ఆవిడ అన్నది నిజం.

డిసెంబరు 18

మర్డో పిన్ని ఇంటిని తిడుతున్నాడు. ఉత్తరం గోడకి ఆనించి బయట రాతి గది ఒకటుందట, తిండి సామాన్లకి. అందులో పెట్టిన వెన్న మే నెల దాకా రొట్టె మీద పరుచుకోదు అన్నాడు. ఎంత చలి అన్నాను. చలి చలే, దానికి ఇంటిపేరేమిటి అన్నాడు. సరిగ్గా చెప్పు అన్నాను. ఫ్రిజ్ అంత అన్నాడు.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే.

డిసెంబరు 19

పిక్నిక్‌లకి తీసుకెళ్ళే చల్లపెట్టె కొన్నాను. గాలికి చిన్న రంధ్రాలు చేశాను. మర్డోకి చెప్పలేదు. చెబితే ఇంకో సాకు అంటాడు, నాలుగోసారి ఇక ఉండదు. తాబేలు కుక్కా కాదు, పిల్లీ కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

డిసెంబరు 25

ఒక్కదాన్నే. ఉడికించిన గుడ్డు. ఆర్చీకి పండగ శుభాకాంక్షలు చెప్పాను. ఐదు.

డిసెంబరు 29, శుక్రవారం, రైల్లో

పెట్టెలో ఏమిటని అడిగాడు. పండగ కేకు అన్నాను. నల్ల కేకేనా అన్నాడు. నల్లదే అన్నాను. అదంటే తనకి ప్రాణమట. కిటికీలోంచి మంచు పడడం చూస్తూ ఈల వేస్తున్నాడు. నేను ఇలా ఒక మనిషి పక్కన కూర్చుని ఎక్కడికైనా వెళ్ళి ఎన్నేళ్ళయిందో.

డిసెంబరు 30, మోరార్

నిన్నటిది నిన్న రాయలేకపోయాను.

రాన్నక్ స్టేషన్లో రైలు ఆగిపోయింది. ముందు పట్టాల మీద మంచు మేట వేసిందట. కిటికీ బయట ఏమీ లేదు. తెలుపు, దాని మీద ఇంకాస్త తెలుపు, మధ్యలో ఒక జింక నిలబడి మావైపు చూస్తోంది, మేము ఎవరో పోల్చుకోలేనట్టు. చాలాసేపు అలాగే ఉన్నాం. అది చూస్తోంది, మేము చూస్తున్నాం. నాకు భలే హాయిగా ఉంది. అప్పుడు గార్డు హీటర్లు పెంచాడు. పాపం, మా మంచికే. అందరూ కోట్లు విప్పేశారు. నేను పెట్టె మీద చెయ్యేసుకుని కూర్చున్నాను. థర్మామీటర్ ఏడు. ఎనిమిది.

ఇంకా ఎంతసేపని గార్డుని అడిగి వచ్చేసరికి మర్డో పెట్టె మూత తీసి ఉన్నాడు. ఆకలేసిందట. కాగితం ముక్కలు పక్కకి జరిపి లోపలికి చూస్తున్నాడు. చేతిలో కత్తి.

ఊనా, నీ కేకుకి కాళ్ళున్నాయి అన్నాడు.

ఎదురు సీటు ముసలాయన పగలబడి నవ్వాడు. మర్డో నవ్వలేదు. నేను అంతా చెప్పాను, ఫ్రిజ్, తాళం, మాట, రాతి గది. వింటున్నంతసేపూ కత్తి మడుస్తున్నాడు, విప్పుతున్నాడు. వినేసి లేచి పక్క బోగీలోకి వెళ్ళిపోయాడు.

తొమ్మిది దాటింది. పెట్టె ఎత్తుకుని బోగీల మధ్య, గాలి కోస్తున్న చోట నిలబడ్డాను. అక్కడ ఏడ్చాను. తాబేలు కోసమని రాస్తే బాగుంటుంది కానీ కాదు. మూడోసారి కూడా నా చేతులతో నేనే పాడుచేసుకున్నానని.

మర్డో వచ్చాడు. కనుబొమలు మంచుతో తెల్లబడిపోయాయి. ప్లాట్‌ఫాం మీదికి దిగి రెండు రొట్టె సంచుల నిండా మంచు కూరుకొచ్చాడు. దీన్ని చుట్టూ పెట్టు అన్నాడు. పెట్టాక నా పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఎప్పుడు చెబుదామనుకున్నావు అన్నాడు. రేపు అన్నాను. రేపు ఏం చేద్దామనుకున్నావు, కోసి పెడదామనా అన్నాడు. నా బస్సులో నీ కుక్కలెక్కాయి, చిలకెక్కింది, ఆ ఉడుమో బల్లో అదీ ఎక్కింది, ఒక్కసారి దింపేశానా అన్నాడు. లేదు. నాకు కోపం తాబేలు మీద కాదు పిల్లా, చెబితే వద్దంటాననుకున్నావు చూడు, అదీ అన్నాడు.

అతని భుజానికి ఆనుకున్నాను. ఒక కోటు కింద ఇద్దరం, మధ్యలో పెట్టె. నిద్ర పట్టేసింది. అంత మంచి నిద్ర నేను ఎరగను. రైలు కదిలింది, నీళ్ళ మీద వెళ్తున్నట్టుంది. ఎవరో మా తలుపు తీసి, కాసేపు గాలి ఆడనిచ్చి, చప్పుడు కాకుండా మళ్ళీ వేసినట్టుంది. జింక కూడా వస్తున్నట్టుంది.

మర్డో నన్ను లేపేసరికి మోరార్. థర్మామీటర్ సున్నా. ఎప్పటినుంచి సున్నాయో తెలియదు.

రాతి గదిలో పెట్టాం. ఐదు, అతను చెప్పినట్టే. వెనక కాలు వేలితో తాకాను. నిద్రపోతున్న తాబేలైతే కాస్త లోపలికి లాక్కుంటుందని మిస్ కెర్ చెప్పారు.

లాక్కోలేదు.

డిసెంబరు 31, ఆదివారం

ఉదయం తాకాను. లేదు. మర్డో తాకాడు. లేదు. నేనే చంపాను, అంత మంచు ఎవడు తెమ్మన్నాడు నన్ను అంటాడు. నిద్రపోయింది నేను కదా అంటాను. పొయ్యి మీద సూపు మాడింది. కిటికీలోంచి ఇసకా సముద్రమూ ఒకటే రంగులో ఉన్నాయి, ఎక్కడ ఏది మొదలవుతుందో తెలియడం లేదు.

మధ్యాహ్నం నా సెల్‌కి మిస్ కెర్. ఇంటి ఫోన్ ఎత్తలేదేం అన్నారు. వాడు నిద్రపోతున్నాడా అన్నారు.

నిద్రపోతున్నాడు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. తెలియదండీ అన్నాను. అంతా చెప్పేశాను. అటువైపు దూరంగా ఎవరో పిల్లల అరుపులు వినిపించాయి. తర్వాత, మోరారా అన్నారు. ఆ ఇసకలో వాణ్ణి నడిపించాలని చిన్నప్పుడు నేను ఏడ్చి గోల చేశాను, మా నాన్న ఒప్పుకోలేదు అన్నారు. నాకు ఆరేళ్ళప్పుడు వచ్చాడమ్మాయ్ వాడు, ఏదైనా రేపు చెప్పు, ఇవాళ పండగ పూట వినను అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

రేపు చెప్పాలి. చెప్పాక ఇక ఎవరూ నా చేతికి తాళం ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

మర్డో నన్ను మాటల్లో పెట్టాలని పిన్ని పట్టింపులన్నీ చెప్పాడు. కొత్త సంవత్సరం రోజు గడప దాటి మొదట లోపలికి వచ్చేది నల్లటి జుట్టున్న మగవాడై ఉండాలి. ఇది మా అమ్మమ్మా చెప్పేది. ఆడది వచ్చినా, ఎర్ర జుట్టువాడు వచ్చినా ఏడాదంతా అరిష్టమే. మర్డోది ఎర్ర జుట్టు, సగం నెరిసినా ఇంకా ఎరుపే. చిన్నప్పుడు పిన్ని నన్ను బయటే నిలబెట్టేది, నల్ల జుట్టు పోస్టుమాన్ వచ్చేదాకా గడ్డకట్టిపోయేవాణ్ణి అన్నాడు. రేపు ఇంట్లోంచి కదలకుండా ఉంటే సరి అన్నాడు. ఆర్చీని చూడడానికి వెళ్ళాలిగా అన్నాను.

విస్కీ పోశాడు. పన్నెండు కోసం పొయ్యి ముందు కూర్చున్నాం.

జనవరి 1

పన్నెండుకి ఇద్దరం నిద్రలో ఉన్నాం. కొత్త సంవత్సరం మమ్మల్ని లేపకుండానే లోపలికి వచ్చేసింది.

తెల్లారాక రాతి గదికి వెళ్ళాం. వెలుతురులో చూద్దామని వాణ్ణి రెండు చేతుల్లోకీ తీసుకుని వచ్చాను. గడప దగ్గర ఆగిపోయాం. ఆడది ఒకతి, ఎర్ర జుట్టువాడు ఒకడు. మర్డో నా చేతుల్లోకి చూశాడు. వీడు నల్లగానే ఉన్నాడు, మగాడే, ముందు వీణ్ణి పంపు అన్నాడు.

వంగి గడప లోపల రాతి మీద పెట్టాను. వెనక కాలు కింద నా వేలు ఉంది. వాడు ఆ కాలు కాస్త లోపలికి లాక్కున్నాడు.

కొత్త సంవత్సరంలో మా ఇంట్లో పడిన మొదటి అడుగు వెనక్కి పడింది.